నట్టు మీద సుద్దగీత

నా చిన్నప్పుడు, పొద్దున్నే బండి వెళ్లిపోయిన చప్పుడు వినిపించేదాకా నేను పెరట్లోనే ఉండాలి. మా ఇంట్లో అదొక నియమం. ఎవరూ కోప్పడి చెప్పింది కాదు. మా నానమ్మ నెమ్మదిగా నా భుజం పట్టుకుని వెనక గుమ్మం దాటించి, బొగ్గుల పొయ్యి పక్కన పీట వేసి కూర్చోబెట్టి, తలుపు దగ్గరగా వేసేది. వీధివైపు మా చిన్నాన్న పికప్ బండి ఇంజను అందుకునేది. పక్క క్వార్టరు పెద్దమ్మ నిండు బిందెతో బండికి ఎదురొచ్చేది. ఆ చప్పుడు మేం ఫాటక్ అనే రైల్వే గేటు దాకా వెళ్లి, సన్నబడి, యార్డులో ఇంజన్ల కూతల్లో కలిసిపోయాక తలుపు తెరుచుకునేది. అప్పుడిక నా ముఖం లోకానికి ప్రమాదం కాదు. బడికి వెళ్లొచ్చు.

నేను ఉయ్యాల్లో ఉండగానే మా అమ్మ పోయింది. కామెర్లు వస్తే ఆకుపసరు పోయించి, ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి ఆలస్యం చేశారు. ఆ నింద పసరు మీద పడలేదు, పోసినవాళ్ల మీద పడలేదు. ఉయ్యాల్లో ఉన్న పిల్ల మీద పడింది. 'తల్లిని మింగిన గుంట' అన్న మాట నాకు నా పేరుతో పాటే తెలుసు. దాన్ని తిట్టుగా కూడా అనేవారు కాదు. ఫలానా వాళ్లమ్మాయి ఎర్రగా ఉంటుంది, ఫలానా వాళ్లబ్బాయికి నత్తి అన్నట్టుగా, మామూలుగా అనేవారు. మామూలుగా అన్న మాటను ఎదిరించడం కష్టమని పెద్దయ్యాక ఎన్నో సభల్లో చూశాను. అప్పుడు మాత్రం నమ్మాను. పిల్లలు ఇంట్లో గోడల్ని నమ్మినట్టు మాటల్ని కూడా నమ్ముతారు.

మాది బిలాస్‌పూర్‌లో రైల్వే క్వార్టరు. మా తాతయ్య కుర్రతనంలో బొబ్బిలి వైపు నుంచి వచ్చి వ్యాగన్ డిపోలో ఫిట్టరుగా చేరి, అక్కడే రిటైరయ్యాడు. మా నాన్న గూడ్సు గార్డు. ఆయన ఇంట్లో కన్నా లైను మీదే ఎక్కువ ఉండేవాడు. ఇంటికొచ్చినా నిద్రకే వచ్చేవాడు. నన్ను చూసినప్పుడు మా అమ్మ గుర్తొస్తుందేమో, చూపు నా తల మీదుగా ఎక్కడికో పోయేది. చిన్నాన్నకు రైల్వేలో ఉద్యోగం రాలేదు. పాత పికప్ బండి ఒకటి సంపాదించి, పక్కనున్న కోటా సంత నుంచి కూరగాయలు తెచ్చి మా ఊరి బజారులో దించేవాడు. ఇంట్లో అందరి ఆశా ఆ బండి మీదే. దానికి వేలాడే నిమ్మకాయా మిరపకాయలూ ఎండక ముందే నానమ్మ మార్చేది.

ఆ ఏడు విశ్వకర్మ పూజ వచ్చింది. మా ఊళ్లో అది షెడ్లన్నీ తలుపులు తెరిచే రోజు. పానాలూ సుత్తులూ తోమి, వరసగా పేర్చి, బొట్లు పెట్టి, పిల్లలకు బూందీ పంచుతారు. ఇంటి బండికి కూడా పూజ చేయాలన్నాడు తాతయ్య. ఇన్‌స్పెక్షన్ అంటే ముందు రంగు డబ్బా మూత తీయడం రైల్వే వాళ్లకు పుట్టుకతో వచ్చే అలవాటు. పెద్ద సాబు వస్తున్నాడంటే ప్లాట్‌ఫారం అంచుకు సున్నం, చెట్ల మొదళ్లకు జేగురు రంగు, వ్యాగన్ల మీద అంకెలకు కొత్త తెలుపు. దేవుడొచ్చినా వాళ్లకదే మర్యాద. తాతయ్య బండిని జాకీ మీద లేపి, చక్రాలు ఒక్కొక్కటే ఊడదీసి, లోపలా బయటా వెండి రంగు దిట్టంగా పూశాడు. చక్రం ఆనుకునే డ్రమ్ముకీ పూశాడు. నట్లు కూర్చునే గుంటల్లోనూ కుంచె తిప్పాడు. ఒక పూతతో తృప్తి లేక రెండో పూత వేశాడు. అది ఆరేలోగా నానమ్మ లోపల్నుంచి పిలిచింది.

"ముహూర్తం దాటిపోతంది. చక్రాలు బేగి పెట్టండి."

ఆయన పెట్టేశాడు. కొబ్బరికాయ కొట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. ఇదంతా నేను పెరటి తలుపు సందులోంచి చూశాను. సందులోంచి కనపడినంత మేరా చక్రాలు మెరిశాయి.

మర్నాడు పొద్దున్న నానమ్మ నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది గాని, పాలవాడు పిలిస్తే తలుపు వేయడం మరిచిపోయింది. ఆ వెండి చక్రాలు ఒక్కసారి దగ్గర్నుంచి చూడాలనిపించింది. గోడ వారగా చుట్టూ తిరిగి ముందుకొచ్చాను. చిన్నాన్న అప్పుడే గేరు వేస్తున్నాడు. అద్దంలోంచి అతని చూపు సూటిగా నా ముఖం మీద పడింది. ఒక్క క్షణం ఆగి, దండం పెట్టుకుని, బండి పోనిచ్చాడు. ఆ ఒక్క క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది. కుక్కకు దారిచ్చేటప్పుడు కూడా మనిషి ముఖం అలా మారదు.

మధ్యాహ్నం దాటాక చిన్నాన్న బస్సులో వచ్చాడు. మోచెయ్యి చెక్కుకుపోయింది, చొక్కా నిండా టమాటా రసం. కోటా నుంచి సరుకుతో వస్తుంటే ముందు చక్రం ఊగిందట. ఆపే లోపల రెండు నట్లు ఊడి ఎక్కడో పడిపోయి, బండి రోడ్డు దిగి పక్కకు ఒరిగింది. తట్టలన్నీ బోర్లాపడ్డాయి. ఎదురుగా లారీ ఏదీ రాకపోబట్టి మనిషి దక్కాడు. నానమ్మ అతని తల, చేతులు తడిమి తడిమి చూసింది. తర్వాత తల తిప్పి నన్ను చూసింది.

"పొద్దున్న ఎవలు ఎదురొచ్చినారు?" అంది.

చిన్నాన్న పెరటి తలుపు వైపు చూశాడు. అదే జవాబైంది. పక్క క్వార్టరు పెద్దమ్మ, తన బిందె వృథా అయినందుకు కాబోలు, చాలాసేపు తల ఊపింది.

ఆ సాయంత్రానికే తేలిపోయింది. ఆదివారం నాన్న డ్యూటీ దిగి వస్తాడు. నన్ను పాలకొండ దగ్గర మా అమ్మ పుట్టింటి ఊళ్లో దింపి వస్తాడు. అక్కడ మా అమ్మకు వరసకు పిన్ని ఒకామె ఉందట. ఆమెను నేనెప్పుడూ చూడలేదు. నేను చదివేది హిందీ బడిలో. ఆ ఊళ్లో పలక మీద రాసే అక్షరాలు కూడా నాకు సరిగ్గా రావు. రేకు పెట్టె దించి నా గౌన్లు అందులో సర్దారు. నేను ఏడవలేదు. నాకు భయమేసింది వాళ్లు పంపిస్తున్నందుకు కాదు. వాళ్లు చెప్పేది నిజమే కదా, నేను వెళ్లిన చోట ఆ పిన్నికి ఏమవుతుందో అని.

ఇంట్లో నన్ను ముద్దు చేసేది తాతయ్య ఒక్కడే. ఆయన ఒక్క మాట అంటాడని చూశాను. అనలేదు. అన్నం దగ్గర తల ఎత్తలేదు. రెండు రోజులు నన్ను చూసి కూడా చూడనట్టు తిరిగాడు. ఇంతమంది మధ్య నేను ఒంటరినని నాకు ముందే తెలుసు. కాని ఆయన కూడా అటువైపు వెళ్లిపోయాడనుకున్న ఆ రెండు రోజుల లాంటి ఒంటరితనం, ఆ తర్వాత జీవితంలో ఎన్ని చూసినా, మళ్లీ రాలేదు.

బండిని లాక్కొచ్చి ఇంటి ముందు పెట్టారు. మెకానిక్కు వచ్చి అరిగిన బోల్టులు మార్చి, వేరే చక్రం ఇచ్చి వెళ్లాడు. దెబ్బతిన్న పాత చక్రం గోడకు ఆనించి ఉంది. శుక్రవారం బడి నుంచి వచ్చేసరికి తాతయ్య దాని ముందు గొంతుకూర్చుని ఉన్నాడు. నేను దూరంగా ఆగిపోయాను.

"దగ్గరికి రాయే గుంటా."

"నాను ముట్టుకుంటే మళ్లీ ఏటైనా అవుద్ది తాతయ్యా," అన్నాను.

ఆయన లేచి వచ్చి, నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి, నా వేలిని చక్రానికున్న నట్టు గుంటలో పెట్టి తిప్పాడు. వేలికి వెండి పొడి అంటుకుంది. అంచులో రంగు పెచ్చులు పెచ్చులుగా నలిగి, కింద ఇనుము కొత్తగా, నునుపుగా మెరుస్తోంది.

"ఇది నీ ముఖం సెయ్యలేదు. నా రంగు సేసింది," అన్నాడు.

ఆ తర్వాత చెప్పిన మాటలు నాకు అర్థమయ్యేలా, ఆగి ఆగి చెప్పాడు. నట్టు చక్రాన్ని డ్రమ్ముకేసి నొక్కి పట్టుకోవాలి. ఇనుము ఇనుమును తాకాలి. మధ్యలో దళసరి రంగుంటే నట్టు బిగిసినట్టే ఉంటుంది గాని, అది బిగిసింది రంగు మీద. బండి బరువుకీ కుదుపుకీ రంగు నలిగి పొడైపోతే, ఆ రంగు మందమంత మేర నట్టు వదులైపోతుంది. తెలిసిన పనే, డిపోలో ఎంతమంది కుర్రాళ్లనో దీని గురించి తిట్టానన్నాడు. అందంగా ఉండాలన్న యావలో, ముహూర్తం తొందరలో, తన ఇంటి బండికి తనే ఆ పని చేశాడు. చక్రం ఊగిందని వినగానే ఆయనకు తెలిసిపోయింది. రెండు రోజులూ ఆయన మింగలేక తిరిగింది ఆ సంగతే. కొడుకు చావుదాకా వెళ్లొచ్చింది తన చేతి పని వల్లేనని చెప్పడానికి నోరు రాలేదు. నింద మోయడానికి ఇంట్లో పిల్ల సిద్ధంగా ఉంది. పిల్ల కూడా మోస్తానంటోంది. ఆయన ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. తర్కం నేర్పే గురువులు నాకు తర్వాత చాలామంది దొరికారు. ఊరుకుంటే సరిపోయే చోట ఊరుకోనివాడు మొదట మా ఇంట్లోనే దొరికాడు.

ఆ సాయంత్రమంతా ఇద్దరం నాలుగు చక్రాలూ ఊడదీసి, నట్టు గుంటలూ డ్రమ్ము ఆనే చోటూ రేకుముక్కతోనూ తీగ బ్రష్షుతోనూ గీకాం. ఇనుము కనపడేదాకా గీకమన్నాడు. బోల్టుల మరలు పొడిగుడ్డతో తుడిపించాడు, నూనె చుక్క తగలనివ్వలేదు. చక్రం ఎక్కించాక నట్లు ముందు చేత్తోనే చివరిదాకా తిప్పించాడు. చేత్తో తిరగని నట్టు ఏదో చెబుతోందని అర్థం, పానాతో దాని నోరు నొక్కకు అన్నాడు. ఒక్కో చక్రానికి ఐదు నట్లున్నాయి. నేను ఒకటి బిగించి పక్కదానికి పోబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"పుస్తకం అట్టల మీద సుక్క బొమ్మ ఏత్తావు కదా, పెన్సిలు ఎత్తకుండా. అలా ఎల్లు."

ఐదు మొనల చుక్క, అంటే నక్షత్రం. ఒక మొన నుంచి పక్క మొనకు పోకుండా అవతలికి, అక్కణ్ణుంచి మళ్లీ ఇవతలికి. పక్కపక్కనే బిగించుకుంటూ పోతే చక్రం ఒకవైపు ఒరిగి కూర్చుంటుంది, బిగువు అంతా ఒక్క మూలకే చేరుతుంది. ఆడుకోవడానికి ఎవరూ లేక అట్టల మీద నేను గీసుకున్న చుక్కలు ఒక పనికి వస్తాయని ఆ రోజే తెలిసింది. మొదట చక్రం గాల్లో ఉండగా కొంచెం కొంచెం, జాకీ దించి చక్రం నేల మీద ఆనాక గట్టిగా. నా బలం చాలని చోట ఆయన నా చేతుల మీద చేతులు వేశాడు. చివర్లో బడి సుద్దముక్క అడిగి, ఒక్కో నట్టు నుంచి చక్రం మీదికి సాగేలా ఒక్కో గీత గీయించాడు. నట్టు తిరిగితే గీత విరుగుతుంది.

శనివారం పొద్దున్న ఆయన అందరినీ వీధిలోకి పిలిచాడు. తప్పు తనదని చెప్పాడు. గొంతు పెద్దది చేయలేదు. నానమ్మ వినలేదు, అంటే నమ్మలేదు. మనవరాలిని కాపాడ్డానికి ముసలాయన నింద నెత్తినేసుకుంటున్నాడు అనుకుంది. చిన్నాన్న మాత్రం పాత చక్రం వంక చూసి కిందికి చూశాడు.

అప్పుడు తాతయ్య నా చేతిలో ఖాళీ బిందె పెట్టాడు. ఖాళీ బిందె ఎదురైతే పెళ్లివారు కూడా ఇంట్లోకి పోయి కూర్చుని మళ్లీ బయల్దేరే రోజులవి.

"ఏటండీ ఇది, పిచ్చెక్కిందా?" అంది నానమ్మ.

"ఆడొక్కడూ ఎందుకు, నాను కూడా ఎక్కుతాను," అని తాతయ్య వెళ్లి డ్రైవరు పక్క సీట్లో కూర్చున్నాడు. "ముందు ఫాటక్ దాకా ఎల్లొద్దాం. పోనీ రా."

నేను ఆ బిందె చంకన పెట్టుకుని బండి ముందు నిలబడ్డాను. ఇటూ అటూ క్వార్టర్ల గుమ్మాల్లో మనుషులు. ఎవరూ నా దగ్గరకు రాలేదు. బండి నన్ను దాటి వెళ్లిపోయాక కూడా అక్కడే ఉండిపోయాను. నాకు నమ్మకం లేదు. రంగు పొడి నా వేలికి అంటుకుంది నిజమే, ఆయన చెప్పింది అర్థమైంది నిజమే. అయినా పుట్టినప్పట్నించీ విన్న మాట ఒక్క సాయంత్రంలో ఒంట్లోంచి పోదు. ఆ బండిలో నాకున్న ఒకే ఒక్క మనిషి కూర్చున్నాడు. రానంతసేపూ రాడనే అనుకున్నాను.

బండి వచ్చింది. తాతయ్య దిగి పానా నా చేతికిచ్చాడు. గీతలు అలాగే ఉన్నాయి. కాని నేను బలమంతా వేసి బిగిస్తే, ముందు చక్రంలో రెండు నట్లు కాస్త కదిలాయి. గీతలు విరిగాయి. నానమ్మ ఆ కాస్తా చూసింది.

"సూసినారా," అంది.

నా చేతిలోంచి పానా జారింది. తాతయ్య దాన్ని తీసి మళ్లీ నా చేతికే ఇచ్చాడు. కొత్తగా ఎక్కించిన చక్రం కొంతదూరం నడిచి సర్దుకుంటుంది, అందుకే బండి ఆపి మళ్లీ పానా వేసి చూడాలి, మంచి ఫిట్టరు బిగించినా సరే చూడాలి అన్నాడు. తర్వాత అందరూ వినేలా అన్నది మాత్రం నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"ఒక్కసారి సూసి గుంటదే తప్పనకండి. ఒక్కసారి సూసి నా మాటే ఒప్పనీ అనకండి. మళ్లీ గీతలు గీయే."

గీశాను. ఈసారి బండి కోటా వెళ్లింది. ఆయన మళ్లీ ఎక్కాడు, నేను మళ్లీ ఖాళీ బిందెతో నిలబడ్డాను. సరుకు నింపుకుని ఎండ నడినెత్తికొచ్చాక తిరిగొచ్చారు. నాలుగు చక్రాలూ నేనే చూశాను. ఒక్కో నట్టుకీ పానా వేసి, ఉన్న బలమంతా వేసి లాగాను. ఒక్కటీ కదల్లేదు. గీతలన్నీ దుమ్ము పట్టి, తెగకుండా ఉన్నాయి.

ఆదివారం నాన్న వచ్చాడు. తాతయ్య ఆయనతో ఏం మాట్లాడాడో నాకు వినపడలేదు. రేకు పెట్టెలోంచి నా గౌన్లు తీసి మళ్లీ కొయ్యకు తగిలించింది మాత్రం నాన్నే. ఆ రోజు ఆయన నా తల మీదుగా కాకుండా నన్ను చూశాడు. కొంచెంసేపే చూశాడు. అది చాలనిపించింది.

ఇక్కడితో కథ ముగించి, అజ్ఞానం ఓడింది, వెలుగు గెలిచింది అని రాస్తే చదవడానికి బాగుంటుంది. అలా జరగలేదు. "అచ్ఛా, నాను నిమ్మకాయ మార్చినాను కాబట్టి సరిపోయింది," అంది నానమ్మ. పెద్దమ్మ నిండు బిందె మర్నాటి నుంచి మామూలే. నన్ను పెరట్లోకి పొమ్మనడం మానేశారు, అంతే. ముందువైపుకు రమ్మని పిలిచినవాళ్లూ లేరు. నా అంతట నేనే వచ్చి నిలబడేదాన్ని. చిన్నాన్న గేరు వేసే ముందు, నా వైపు తిరగకుండానే, చక్రం వంక చూస్తూ అడిగేవాడు.

"నట్లు సూసినావా?"

"సూసినాను చిన్నాన్నా."

ముఖం చూడటానికి ఒప్పుకోని మనిషి నా చేతిని నమ్మి ప్రయాణమయ్యేవాడు. అందులో వింతేమీ తోచలేదు అతనికి. నాకు మాత్రం ఏళ్ల తరబడి ఆశ్చర్యంగానే ఉండేది. ఇప్పుడు లేదు. మనుషుల్లో నమ్మకాలు ఇలాగే, ఒక పక్క విరిగి ఒక పక్క బిగిసి ఉంటాయి. వాటినీ చుక్క బొమ్మ లాగే అవతలికీ ఇవతలికీ తిరుగుతూ, కొంచెం కొంచెంగా సరిచేయాలి.

తాతయ్య పోయి చాలా కాలమైంది. నా జుట్టూ నెరిసింది. శకునాల మీద, ముహూర్తాల మీద వాదించడానికి ఎన్నో ఊళ్లు తిరిగాను. వాదం గెలిచిన రోజు చప్పట్లు కొట్టేవాళ్లుంటారు గాని, ఇంటిదాకా వెంట వచ్చేవాళ్లుండరు. బండి ముందు ఖాళీ బిందెతో నిలబడ్డ చోటు అప్పుడెంత ఖాళీగా ఉండేదో ఇప్పటికీ అంతే. అక్కడ నిలబడటం అలవాటైంది. కాని గెలిచి వచ్చిన రాత్రే ఆ వాదాన్ని నిజమని రాసిపెట్టుకునే అలవాటు మాత్రం చేసుకోలేదు. కొంతదూరం నడవనిచ్చి, ఆపి, నా మాటకే మళ్లీ పానా వేసి లాగుతాను. కొన్నిసార్లు గీత విరుగుతుంది. అప్పుడు ఇంకో సుద్దముక్క తీసుకుంటాను.